కార్డిఫ్‌లో గసడదవాదేశం

కార్డిఫ్ పొలిమేరల్లో రోడ్డు పక్కన కనిపించే స్వాగతం బోర్డు మీద వెల్షు భాషలో ‘క్రోయ్సో ఇ గైర్‌డీద్’ అని ఉంటుంది. కార్డిఫ్‌కి స్వాగతం అని అర్థం. తీరా రైలుస్టేషన్‌కి వెళితే అక్కడ ఊరి పేరు ‘కైర్‌డీద్’. ఇక ‘కార్డిఫ్‌లో’ అనాలంటే ‘అఙ్ ఙ్హైర్‌డీద్’ అనాలి. ఊరు ఒకటే, కాని పేరులోని మొదటి హల్లు మూడు రకాలు. కొత్తగా దిగిన ఇంగ్లీషువాడు అచ్చుతప్పేమో అనుకుంటాడు. చిన్నయసూరిని బళ్ళో బట్టీపట్టిన మనకి మాత్రం ఇది మరీ కొత్త కాదు. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు. పరుషాలైన క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారతాయి. వెల్షులో ‘మెత్తని మార్పు’ అనేది కూడా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. క పోయి గ వస్తుంది, ట పోయి డ వస్తుంది, ప పోయి బ వస్తుంది.

ఊళ్ళో దీనికి సాక్ష్యం కావాలంటే లాండాఫ్ పేటకి వెళ్ళాలి. పాత కెథీడ్రల్ ఉన్న పేట అది. వెల్షులో దాని పేరు ‘ల్హన్‌డావ్’. నాలుకని ‘ల’ దగ్గర పెట్టి గాలి ఊదితే వచ్చే ఆ మొదటి శబ్దం మన అక్షరాల్లో ఇమడదు, సరిపెట్టుకోండి. ‘ల్హాన్’ అంటే చర్చి ఉన్న ఆవరణ. ‘టావ్’ అంటే ఊరి మధ్య పారే నది, ఇంగ్లీషులో టాఫ్. ల్హాన్, టావ్ కలిస్తే ల్హన్‌డావ్. మన ఓరుగల్లు కూడా ఇలా పుట్టిందే: ఓరు, కల్లు కలిసి ఓరుగల్లు.

ఇంతవరకు వచ్చాక ఒక ప్రలోభం కలుగుతుంది. ‘చూశారా, వెల్షుకీ తెలుగుకీ చుట్టరికం ఉంది’ అని చాటాలనిపిస్తుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రలోభమే. విదేశాల్లో ఉన్న మనవాళ్ళ సభల్లో ఏడాదికొకసారైనా ఎవరో ఒకరు లేచి, ఇంగ్లండ్ అసలు పేరు ‘అంగుళిస్థానం’ అనో, ప్రపంచ భాషలన్నీ సంస్కృతంలోంచి పుట్టాయనో, కాదు తెలుగులోంచే పుట్టాయనో చెబుతారు. చప్పట్లు కూడా పడతాయి. నాకు ఆ చప్పట్లంటే భయం. మాటకి మాట పోలినంత మాత్రాన చుట్టరికం కుదరదు. పైపెచ్చు, అసలు చుట్టాలు చాలాసార్లు పోలికలే లేకుండా ఉంటారు. వెల్షు సంధికీ తెలుగు సంధికీ మధ్య ఉన్నది నోటి వాటమే గాని నెత్తురు సంబంధం కాదు. రెండు అచ్చుల మధ్య చిక్కిన పరుషం మెత్తబడడం ఎన్నో భాషల్లో జరిగింది. వెల్షులో ముందుమాట చివరి అచ్చు కాలక్రమంలో రాలిపోయి, మెత్తబడిన హల్లు మాత్రం గుర్తుగా మిగిలింది.

కార్డిఫ్ పేరునే తీసుకుందాం. పదహారో శతాబ్దంలో పుట్టిన విలియం క్యామ్డెన్ అనే ఇంగ్లీషు పండితుడు ఇది ‘కైర్ డిడి’, అంటే రోమన్ గవర్నరు డిడియస్ గాలస్ కట్టించిన కోట కావచ్చునన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఊళ్ళో రోమన్ల కోట గోడ పునాదులు కూడా ఉన్నాయి, గవర్నరు కూడా కల్పితం కాదు. అయినా ఇప్పటి పండితులు ఒప్పుకోరు. వెల్షులో ‘డీద్’ అంటే పగలు కాబట్టి ఇది ‘పగటికోట’ అని చెప్పేవాళ్ళూ లేకపోలేదు. అదీ కాదు. ఊరి పాత రూపం ‘కైర్‌డివ్’: కైర్ అంటే కోట, డివ్ అన్నది టావ్ అనే నది పేరుకి పాత విభక్తి రూపం. టాఫ్ నది మీది కోట, అంతే. జనం నోట్లో చివరి వకారం దకారమైంది. ఇంగ్లీషువాళ్ళు ఆ మార్పుకి ముందే పేరు అరువు తీసుకున్నారు కాబట్టి వాళ్ళ ‘కార్డిఫ్’లో ఫకారం మిగిలిపోయింది. ఇల్లుగలవాళ్ళు మార్చేసుకున్న సామానుని అరువు తీసుకున్నవాళ్ళు భద్రంగా దాచారన్నమాట.

ఇలాంటిదే ఇంకా పెద్ద ఉదాహరణ ఊరికి పక్కనే ఉంది. కార్డిఫ్ కూర్చున్నది సెవర్న్ నది సముద్రంలో కలిసే చోట. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఈ నదిని ‘సబ్రినా’ అన్నాడు. ఇంగ్లీషువాళ్ళు సెవర్న్ అంటారు. వెల్షువాళ్ళు మాత్రం ‘హవ్రెన్’ అంటారు. మొదటి సకారం హకారమైంది. ఈ మార్పు మనం ఎక్కడ విన్నాం? సింధు నది పారశీకుల నోట్లో హిందువు అయింది. వాళ్ళ దగ్గర నుంచి గ్రీకులు ఆ మాట తీసుకుని, హకారం కూడా పలక్కుండా ‘ఇండోస్’ అన్నారు. అందులోంచే ఇండియా. అక్కడ సకారాన్ని పోగొట్టింది పక్కింటివాళ్ళయితే, ఇక్కడ పోగొట్టుకున్నది ఇంటివాళ్ళే. పారశీకులూ వెల్షువాళ్ళూ ఒకరినొకరు చూసి నేర్చుకోలేదు. ఎవరికి వారికే జరిగిన మార్పు ఇది.

ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే ఎన్నో తాళాలు తెరుచుకుంటాయి. వెల్షులో ‘హేన్’ అంటే పాత. హ తీసి స పెట్టండి. సంస్కృతంలో ‘సన’ అంటే పాత, అందులోంచే ‘సనాతన’. లాటిన్‌లో ముసలివాడు ‘సెనెక్స్’. వెల్షులో ‘హావ్’ అంటే వేసవి, సంస్కృతంలో ‘సమా’ అంటే సంవత్సరం. సూర్యుడు ‘హైల్’. అలాగని సూత్రం అన్నిచోట్లా పనిచెయ్యదు. ఏడుని వెల్షులో ‘సైత్’ అంటారు, సకారం చెక్కుచెదరలేదు. ధ్వని సూత్రాలకి కూడా మొండి పిల్లలుంటారు.

అంకెల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. వేల్స్‌లో పదహారేళ్ళదాకా బళ్ళో వెల్షు తప్పనిసరి. మన పిల్లలు ఇంటికొచ్చి ట్రీ, పెడ్వర్, పింప్, ఖ్వేఖ్, సైత్, ఉయిత్, నౌ, డేగ్ అని వల్లెవేస్తారు. త్రి, చతుర్, పంచ, షట్, సప్త, అష్ట, నవ, దశ. పురోహితుడి సంకల్పం విన్న చెవికి ఇది వింతగా ఉండదు. పెడ్వర్, పింప్‌లలోని పకారం ఒకప్పుడు ‘క్వ’ అనే శబ్దం. లాటిన్‌లో క్వట్టువోర్, క్వింక్వే. సంస్కృతంలో ఆ ‘క్వ’ చకారం అయింది, వెల్షులో పకారం అయింది, ఐరిష్‌లో కకారంగా నిలిచింది. వెల్షు, ఐరిష్‌ల మధ్య ఈ ప, కల సంబంధాన్ని ఎడ్వర్డ్ ల్హుయిడ్ అనే వెల్షు పండితుడు 1707లోనే అచ్చువేశాడు.

భాషల చుట్టరికం అనగానే అందరూ సర్ విలియం జోన్స్ పేరు చెబుతారు. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ ముందు ఆయన చేసిన ప్రసంగం ప్రసిద్ధం. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లు ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలనీ, ఆ మూలం ఇప్పుడు బహుశా లేదనీ, గోథిక్, కెల్టిక్‌లకి కూడా ఆ మూలమే ఉండవచ్చుననీ అన్నాడు. కెల్టిక్ అంటే వెల్షు, ఐరిష్‌ల కుటుంబం. ఆయన లండన్‌లో పుట్టినా తండ్రిది వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపం. 1706లో వృత్తపు చుట్టుకొలతకీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తికి ‘పై’ అనే గుర్తు వాడిన గణితవేత్త విలియం జోన్స్ ఆ తండ్రే. కొడుక్కి మూడేళ్ళప్పుడే ఆయన పోయాడు. అన్ని భాషలూ వచ్చిన ఈ జోన్స్‌కి సొంత భాష ఒక్కటే రాదని ఫ్రాన్స్ రాజుకి ఎవరో పరిచయం చేశారని ఒక కథ చెబుతారు. వెల్షువాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు నవ్వుతారు గాని, ఆ నవ్వు కొంచెం మనకి కూడా తగులుతుంది.

మనవాళ్ళకి అంతగా తెలియని పేరు ఇంకొకటి ఉంది. గాస్తోఁ లోరాఁ కెర్దూ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదరీ 1732లో వచ్చి తెలుగునాట పనిచేశాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చాడు. జోన్స్ ప్రసంగానికి దాదాపు ఇరవయ్యేళ్ళ ముందు, 1767లో, సంస్కృతానికీ గ్రీకు లాటిన్‌లకీ ఉన్న పోలికల గురించి పారిస్ అకాడమీకి రాసి పంపాడు. అది అచ్చయింది 1808లో. అప్పటికి ఆయనా లేడు, జోన్సూ లేడు. తెలుగు నేర్చుకున్నవాడు సంస్కృతపు చుట్టాలని కనిపెట్టడం నాకు చాలా ఇష్టమైన విషయం.

ఇక ఆ చుట్టాలు ఎలా ఉంటారో చూద్దాం. వెల్షులో పన్ను ‘డాంట్’, సంస్కృతంలో దంతం. ఇది చంటిపిల్లవాడికైనా కనిపిస్తుంది. కొత్తకి ‘నెవిద్’, నవ్యం. పేరుకి ‘ఎనూ’, నామం. చనిపోయినదానికి ‘మారూ’, మృతం. నిప్పుకి ‘టాన్’, తాపంలోని ధాతువే. మాట మొదట్లోని వకారం వెల్షులో ‘గ్వ’ అవుతుంది కాబట్టి విధవకి ‘గ్వెదూ’, వాతానికి ‘గ్వింట్’. నాకు అన్నిటికన్నా నచ్చింది ‘ల్హౌన్’. నిండు అని అర్థం. సంస్కృతంలో పూర్ణం. ఒక్క అక్షరమూ కలవదు. కాని కెల్టిక్ భాషలు తమ మూలభాషలోని పకారాన్ని మాట మొదట్లో మింగేశాయి. ‘పూర్ణ’లోని రకారం అసలు లకారం. ఈ రెండూ తెలిస్తే పూర్ణమూ ల్హౌనూ ఒక తల్లి బిడ్డలే.

మరి వెల్షులో పకారంతో మొదలయ్యే మాటలు అన్ని ఎక్కడివి? కొన్ని ఇందాక చెప్పిన ‘క్వ’ నుంచి వచ్చాయి. చాలా వరకు రోమన్లు నాలుగు వందల ఏళ్ళు ఏలినప్పుడు లాటిన్ నుంచి అరువు వచ్చాయి. వంతెనకి ‘పోంట్’, జనానికి ‘పోబ్ల్’, చేపలకి ‘పిస్గోడ్’. మన పరిభాషలో ఇవి తత్సమాలూ తద్భవాలూ. ఈ విభజన మన వ్యాకర్తల దగ్గర శతాబ్దాలుగా ఉంది: తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. వెల్షుకి కూడా చక్కగా అమరుతుంది. చమత్కారమేమిటంటే ఆ అరువుసొమ్ము ‘పోంట్’ కూడా మనకి దూరపు చుట్టమే. లాటిన్‌లో వంతెన అయిన మాట సంస్కృతంలో ‘పంథా’, దారి. కార్డిఫ్‌లో పోంట్‌కానా పేటకి వెళుతూ మనం ‘పంథా’ మీదుగానే పోతున్నాం.

ఇక అసలు విషయం. ఈ జాబితాలో చుట్టమైనవి అన్నీ సంస్కృతపు మాటలే, గమనించారా? దంతం చుట్టమే, కాని పన్ను కాదు. నామం చుట్టమే, పేరు కాదు. నవ్యం చుట్టమే, కొత్త కాదు. త్రి, పంచ, సప్త చుట్టాలు. మూడు, ఐదు, ఏడు కావు. మనం పూజలోనూ, పెళ్ళిశుభలేఖలోనూ, సభలోనూ వాడే మాటలు వెల్షువాడి ఇంటిమాటలకి దాయాదులు. పిల్లాణ్ణి కేకేసేటప్పుడు, కూర తరిగేటప్పుడు, కాలు బెణికినప్పుడు నోట్లోంచి వచ్చే మాటలకి చుట్టాలు తమిళంలో, కన్నడంలో, గోండిలో, కువిలో, ఎక్కడో బలూచిస్తాన్‌లోని బ్రాహుయీలో ఉన్నారు.

దీన్ని మొదట నిరూపించినది కూడా తెలుగును ఆధారం చేసుకునే. 1814లో సేరంపూరులో విలియం కేరీ అచ్చువేసిన తెలుగు వ్యాకరణం తెలుగును సంస్కృత సంతానంగా చూపింది. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒప్పుకోలేదు. 1812లో మొదలైన ఫోర్ట్ సెంట్ జార్జ్ కాలేజీలో ఆయన చుట్టూ మంచి పండితులుండేవారు. అక్కడ సంస్కృతాంధ్రాలు బోధించిన పట్టాభిరామశాస్త్రి తెలుగు ధాతువుల పట్టిక చేశాడు. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’లో చెప్పిన తత్సమ తద్భవ దేశ్య విభాగాన్ని ఎల్లిస్ తన వాదానికి ఆధారం చేసుకున్నాడు. అరువుమాటలు పక్కనపెట్టి, దేశ్య ధాతువులని తమిళ కన్నడాలతో పోల్చాడు. ఇవి వేరే కుటుంబం అని తేల్చాడు. 1816లో క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు ఈ వివరణ అచ్చయింది. కాల్డ్వెల్ గ్రంథం వచ్చింది 1856లో, అంటే నలభై ఏళ్ళ తరవాత. పేరు మాత్రం కాల్డ్వెల్‌కే దక్కింది. ఎల్లిస్ 1819లోనే పోయాడు. వెంకయ్యగారి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎంతమంది చదివారో మీరే లెక్క వేసుకోండి.

తెలుగు సంస్కృత పుత్రిక కాదంటే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. ఎందుకో నాకు అర్థం కాదు. కూతురు కాకపోతే పోయింది, రెండువేల ఏళ్ళుగా పక్కపక్క ఇళ్ళల్లో ఉన్నవాళ్ళం. ఇచ్చిపుచ్చుకోవడాలు రెండువైపులా జరిగాయి. సంస్కృతంలోని ‘నీరం’, ‘మీనం’ మన కుటుంబం నుంచి వెళ్ళినవే. ఇలాంటి అరువులని లెక్కకట్టినవాళ్ళలో ముఖ్యుడు టామస్ బరో, ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతాచార్యుడు. ఎమెనోతో కలిసి ఆయన చేసిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు 1961లో అక్కడే అచ్చయింది. ‘పల్లి’ ఎక్కడిది, ‘కల్లు’ ఎక్కడిది అని వెతకాలంటే ఇప్పటికీ దాన్నే తెరవాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ వచ్చింది కూడా ఆ ఏడే.

ఆక్స్‌ఫర్డ్ పేరు వెల్షులో ‘రీడఖెన్’. రీడ్ అంటే నది దాటే రేవు, అఖెన్ అంటే ఎద్దులు. ఎద్దులరేవు. ఇంగ్లీషు పేరుకి అర్థం కూడా అదే. ఓరుగల్లుని ‘ఏకశిలానగరం’ చేసినట్టు ఇదీ మాటకి మాట అనువాదం. వెల్షులో ఒక ఎద్దు ‘ఈఖ్’, సంస్కృతంలో ‘ఉక్షం’, ఇంగ్లీషులో ఆక్స్. ముగ్గురూ సొంత అన్నదమ్ములు. రీడ్, ఫర్డ్‌లు కూడా ఒక ధాతువు బిడ్డలే. వెల్షు అలవాటు కొద్దీ పకారాన్ని మింగింది, ఇంగ్లీషు ఫకారం చేసింది, సంస్కృతం ‘పారం’లో దాచుకుంది. మన ‘ఎద్దు’ మాత్రం ఈ మందలోది కాదు.

పోలికలు మోసం చేస్తాయన్నాను. ఉత్తర వేల్స్‌లో తాతని ‘టైడ్’ అంటారు, నాయనమ్మని ‘నైన్’ అంటారు, తండ్రిని ‘టాడ్’ అంటారు. తాత, నాన్న గుర్తురావడం లేదూ? కాని పాలుతాగే పిల్లల నోట్లో తిరిగే మాటలు ప్రపంచమంతా ఇలాగే ఉంటాయి. కోర్టులో ఈ సాక్ష్యం చెల్లదు. కార్డిఫ్‌లో మూడు నదులు: టాఫ్, రమ్నీ, ఈలీ. ఈలీని వెల్షులో ‘ఎలాయ్’ అంటారు. కాకినాడవైపు నుంచి వచ్చినవాళ్ళకి ఏలేరు గుర్తొస్తుంది. ఏలేరులో చివర ఉన్నది ‘ఏరు’, మన ఇంటిమాట. అది విడదీస్తే పోలిక అక్కడే విరిగిపోతుంది.

అలాగని అన్ని పోలికలూ మోసం కావు. ఉత్తరాన చెస్టర్ ఊళ్ళో రోమన్లు మొదటి శతాబ్దంలో కట్టిన కోట పేరు ‘దేవా’. ఇది చప్పట్ల కోసం చెబుతున్న మాట కాదు. పక్కన పారే డీ నది కెల్టిక్ పేరు అది, దేవత అని అర్థం. వెల్షులో దేవుడు ‘డ్యూ’. మన దేవుడిలోని ‘దేవ’ సంస్కృతం నుంచి వచ్చిందే కాబట్టి, అక్కడి దేవా మన గుడిలోని దేవుడికి నిజంగానే జ్ఞాతి.

మరి టాఫ్? టాఫ్, లండన్‌లోని థేమ్స్, కార్న్‌వాల్ అంచున పారే టేమర్, ఇవన్నీ ఒక కుదురు పేర్లని చాలామంది ఒప్పుకుంటారు. వీటి మూలానికి ‘నల్లనిది’ అని అర్థం చెప్పి సంస్కృతంలోని ‘తమస్సు’తో ముడిపెట్టినవాళ్ళున్నారు. రాముడు వనవాసంలో మొదటి రాత్రి గడిపినది తమసా నది ఒడ్డునే, వాల్మీకి క్రౌంచపక్షిని చూసినదీ అదే పేరుగల నది ఒడ్డున. నల్లని నదికి ‘కృష్ణ’ అని మనవాళ్ళు కూడా పేరు పెట్టుకున్నారు కాబట్టి మనసు అటే లాగుతుంది. కాని ఇంకొందరు పండితులు ‘ప్రవహించేది’ అనే అర్థం చెబుతారు. మరికొందరు కెల్టులు రాకముందే ఇక్కడ ఉన్న పేరంటారు. ఈ వ్యాజ్యం ఇంకా తేలలేదు. నదుల పేర్లు జనం కన్నా ముసలివి. వచ్చినవాళ్ళు భాష మార్చుకుంటారు గాని నది పేరు మార్చడానికి బద్ధకిస్తారు.

ఆ బద్ధకానికి ఉదాహరణలు సెవర్న్‌కి అటువైపు బ్రిస్టల్‌లో ఒకటి, మన దగ్గర రెండు ఉన్నాయి. బ్రిస్టల్ నది పేరు ఏవన్. ఇంగ్లీషువాళ్ళు ‘రివర్ ఏవన్’ అంటారు. ‘అవొన్’ అంటే వెల్షులో నది. ‘ఇదేమిటి?’ అని అడిగితే అక్కడివాళ్ళు ‘నది’ అని ఉంటారు, దాన్నే పేరనుకుని రాసుకుని ఉంటారు. కాబట్టి రివర్ ఏవన్ అంటే నది నది. ఖమ్మం నుంచి కృష్ణవైపు వెళ్ళేటప్పుడు వంతెనల దగ్గర ‘మున్నేరు నది’ అనీ, ‘పాలేరు నది’ అనీ మనమూ అంటాం, మనమూ రాస్తాం.